కోరింగ: ఓడలు పోయాయి, అడవి నిలిచింది

బస్తర్‌లోని భేజ్జి పరిసరాల్లో కురిసిన వాన చివరికి ఎక్కడికి చేరుతుంది? వాగులై పారి గోదావరిలో కలుస్తుంది. ఆ ప్రాంతపు పెద్ద నది శబరి కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. ఆ నీళ్లు మోసుకొచ్చిన మన్ను సముద్రపు అంచున ఒండ్రుగా పేరుకుంటుంది. కాకినాడకు దక్షిణాన ఉన్న కోరింగ మడ అడవి పెరిగింది అటువంటి ఒండ్రు మీదనే.

ఒకప్పుడు కోరింగ అంటే అడవి కాదు, ఓడలు. 18వ శతాబ్దంలో అది పేరున్న రేవు. అక్కడ ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. ఈ తీరం నుంచి బర్మాకు ఎందరో వలస వెళ్లారు. అక్కడ తెలుగువారికి ‘కోరంగీలు’ అనే పేరే స్థిరపడింది.

1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ఈ ఊరిని ముంచేసింది. 1839 నవంబరులో మరో తుపాను విరుచుకుపడింది. దాని వివరాలను కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ సేకరించి పరిశీలించాడు. 1848లో ‘సైక్లోన్’ అనే మాటను వాడుకలోకి తెచ్చింది ఈయనే. అయితే రేవు క్షీణించడానికి ఉప్పెనలే కారణం కాదు. ఒండ్రు మేటవేసి ఓడల దారి పూడిపోయింది. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది.

ఓడలకు శత్రువైన ఆ ఒండ్రే మడ చెట్లకు ప్రాణాధారం. బురదలో గాలి ఆడదు కనుక తెల్ల మడ, నల్ల మడ చెట్లు శ్వాస వేళ్లను నేలపైకి పొడుచుకువచ్చేలా పెంచుతాయి. ఉప్పు పొన్న గింజ చెట్టు మీదనే మొలకెత్తి, ఆ తర్వాత బురదలోకి రాలుతుంది. ఈ వేళ్ల నడుమ రొయ్య పిల్లలు, పీతలు, చేపలు పెరుగుతాయి. చుట్టుపక్కల మత్స్యకారుల బతుకు వీటి మీదనే.

ఈ పల్లెలవారికి వంటచెరకు, పశువుల మేత కూడా ఇక్కడివే. అందుకే 1978లో కోరింగను అభయారణ్యంగా ప్రకటించినప్పుడు, ‘అడవిని కాపాడాలి సరే, మరి మనుషుల మాటేమిటి?’ అన్న ప్రశ్న తప్పలేదు. 1990ల చివర ఒక దారి దొరికింది. పోటు నీరు అందక, ఉప్పు పేరుకుని చెట్లు చచ్చిన చోట అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ, గ్రామస్థులు కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. వాటి వెంట పోటు నీరు వచ్చి ఉప్పును కడిగింది. మొక్కలు నాటారు, చెట్లు మళ్లీ లేచాయి.

కానీ కాలువ తవ్వినంత మాత్రాన ఒండ్రు రాదు. ఎగువన ఆనకట్టలు పెరిగిన కొద్దీ గోదావరి తెచ్చే మన్ను బాగా తగ్గింది. మంచినీరు, ఒండ్రు తగ్గితే మడ అడవి బలహీనపడుతుంది; దాని వెనుక ఉన్న పల్లెకు అలల తాకిడి పెరుగుతుంది. కనుక కోరింగ భవిష్యత్తు కోరింగ వారి చేతుల్లో మాత్రమే లేదు. గోదావరి పారే దారి పొడవునా ఉన్నవారందరికీ అందులో పాత్ర ఉంది.