రోలూ, రోకలీ, వాటి చుట్టాలూ



కొట్టుకి వెళ్ళి "అరలీటరు నువ్వుల నూనె ఇవ్వండి" అంటాం. ఆ మాటలో నువ్వులు రెండుసార్లు వచ్చాయని ఎప్పుడైనా గమనించారా? నూనె అన్న మాటలోనే నువ్వులు దాగి వున్నాయి. నూ అంటే నువ్వు, నె అంటే నెయ్యి. నువ్వుల నుంచి తీసిన నెయ్యి కనుక నూనె. ఆ లెక్కన కొబ్బరినూనె అంటే కొబ్బరి నువ్వుల నెయ్యి అన్నమాట! నవ్వొచ్చినా నిజం అదే. నువ్వుల నుంచి తీసినదే అసలైన నూనె అయిన రోజుల్లో పుట్టిన మాట అది. తరవాత ఏ గింజ పిండినా అదే పేరు పెట్టుకున్నాం.

ఇప్పుడు పక్కింటి తమిళావిడని అడగండి. ఆవిడ ఎణ్ణెయ్ అంటుంది. తమిళంలో ఎళ్ అంటే నువ్వులు. ఎళ్, నెయ్ కలిసి ఎణ్ణెయ్ అయింది. మలయాళంలో ఎణ్ణ, కన్నడంలో ఎణ్ణె. నువ్వుల నూనెని తమిళులు నల్లెణ్ణెయ్ అంటారు, అంటే మంచి నూనె అని. చూశారా, నాలుగు భాషల వాళ్ళకీ వచ్చిన ఆలోచన ఒకటే, నువ్వుల నెయ్యి అని. కాని వాళ్ళు ముగ్గురూ నువ్వులకి ఎళ్ అన్న మాట వాడితే, మనం మన నువ్వు వాడుకున్నాం. నెయ్యి మాత్రం అందరిదీ ఒకటే. అంటే ఇల్లు ఒకటిగా వున్నప్పుడు నెయ్యి అనే మాట వుంది. వేరు కాపురాలు పెట్టాక ఎవరి నూనె వాళ్ళు తీసుకున్నారు. వెన్న సంగతీ ఇంతే. వెళ్ అంటే తెలుపు. మన వెల్ల వెయ్యడంలో వున్నది అదే. తెల్లటి నెయ్యి వెణ్ణెయ్, అదే మన వెన్న, కన్నడిగుల బెణ్ణె. వెండి కూడా ఆ తెలుపులోంచి వచ్చిందే. తమిళంలో వెళ్ళి, కన్నడంలో బెళ్ళి.

కన్నడంలో వెన్న బెణ్ణె ఎందుకయిందో చెప్తాను. మనం మాట మొదట్లో వ అన్నచోట వాళ్ళు బ అంటారు. మన వేప వాళ్ళకి బేవు. విడు అంటే బిడు. తమిళంలో వా అంటే కన్నడంలో బా, రమ్మని. ఉగాది నాడు వాళ్ళు పంచుకునేది బేవు, బెల్ల. ఇక్కడ ఒక చిక్కుంది. తమిళంలో బెల్లాన్ని వెల్లం అంటారు. ఆ లెక్కన మనకి కూడా వెల్లం అని వుండాలి గదా? మనం బెల్లం అంటున్నాం. ఈ ఒక్క తీపి వస్తువూ మనకి కన్నడ దేశం వైపు నుంచి వచ్చిందేమోనని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, పండితులు కాదంటే నేను వాదించను.

కన్నడంలోనే ఇంకో విశేషం. మన పకారం వాళ్ళ నోట హకారం అవుతుంది. పాలు హాలు. పులి హులి. పువ్వు హూవు. పంది హంది. పండు హణ్ణు. మనం పులుసు అంటే వాళ్ళు హుళి అంటారు. మొదటిసారి విన్నవాళ్ళకి ఇది వేరే భాష అనిపిస్తుంది గాని, ఒక్కసారి కిటుకు తెలిస్తే సగం కన్నడం వచ్చేసినట్టే. ఇది మొదటినుంచీ ఇలా లేదు. పదో శతాబ్దంలో, మన తెలంగాణలోని వేములవాడ చాళుక్యరాజు అరికేసరి ఆస్థానంలో వుండి 941 ప్రాంతంలో భారతకథ రాసిన పంప మహాకవి నాటి కన్నడంలో పాలు పాలే. ఆ తరవాత నాలుగైదు వందల ఏళ్ళలో ఒక్కొక్క మాటే జారి హకారంలో పడింది.

ఇక మన సంగతి. తమిళులు, మలయాళీలు నాలుక బాగా వెనక్కి మడిచి పలికే ళకారం ఒకటుంది. పళం అన్నప్పుడు, కోళి అన్నప్పుడు వినిపిస్తుంది. మనకి నోరు తిరగదు. తొలి తెలుగు శాసనాల్లో మాత్రం ఆ ధ్వనికి విడిగా ఒక అక్షరం వుండేది. నన్నయగారు భారతం మొదలుపెట్టిన పదకొండో శతాబ్దం నాటికి అది మాయమయింది. పోతూపోతూ చాలాచోట్ల డకారాన్ని వదిలి వెళ్ళింది. తమిళంలో కోళి, మనకి కోడి. ఏళు, మనకి ఏడు. చోళులు మన దేశంలో చోడులయ్యారు. వెలనాటి చోడులు అని చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం గదా. తమిళంలో కూళ్ అంటే గంజి, జావ. కన్నడంలో కూళు అంటే వండిన అన్నం. మనకి కూడు. ఎంత పాత మాటో చూడండి! "కూడు తిన్నావా" అని ఇవాళ పట్నంలో ఎవరినైనా అడిగితే ముఖం చిట్లిస్తారు. అన్నం అంటేనే మర్యాద. అన్నం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది, కూడు ఇంట పుట్టింది. ఇంటిపిల్లని వంటింట్లో కూర్చోబెట్టి, వచ్చిన చుట్టాన్ని సావిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టుంది మన వరస.

ఈ చిన్నచూపు ఒక్క కూడుతో ఆగలేదు. రెండువందల ఏళ్ళ కిందట తెలుగు మొత్తం సంస్కృతం నుంచే పుట్టిందని పెద్దపెద్ద వాళ్ళు నమ్మేవారు. మన వ్యాకరణాలు కూడా తత్సమాలు, తద్భవాలు అంటూ ముందు సంస్కృతం లెక్కే చెప్పేవి. దేశ్యం అన్నది చివర్లో. బెంగాలులోని శ్రీరాంపూరులో వుండి విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణం ఒకటి అచ్చువేశాడు, ఆయనదీ అదే అభిప్రాయం. దీన్ని కాదని మొదట రుజువులతో చూపించింది మద్రాసులో. అక్కడ కలెక్టరుగా వున్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే ఇంగ్లీషు దొర, కుంఫిణీ ఉద్యోగులకి దేశభాషలు నేర్పడానికి 1812లో సెయింట్ జార్జి కోట కళాశాలని పెట్టించాడు. అందులో పట్టాభిరామశాస్త్రిగారని తెలుగు, సంస్కృతం చెప్పే పండితులుండేవారు. ఆయనవంటి వారు కూర్చిన ధాతువుల పట్టికలు దగ్గర పెట్టుకుని ఎల్లిస్ ఒక పని చేశాడు. సంస్కృతం, తెలుగు, కన్నడం, తమిళం ధాతువులు పక్కపక్కన రాశాడు. తెలుగు, కన్నడం, తమిళం కలిశాయి, సంస్కృతం కలవలేదు. తీసుకున్న మాటలు ఎన్ని వున్నా ఒళ్ళు వేరే అన్నమాట. 1816లో కాంబెల్ దొర వేసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఈ సంగతి అచ్చయింది. మూడేళ్ళకే, 1819లో, ఎల్లిస్ పోయాడు. నలభై ఏళ్ళ తరవాత, 1856లో, తిరునల్వేలి ప్రాంతంలో వున్న కాల్డ్వెల్ పాదిరీ పెద్ద గ్రంథం రాసి ద్రావిడ భాషలు అన్న పేరు స్థిరం చేశాడు. పేరంతా ఆయనకే వచ్చింది. ఎల్లిస్‌నీ, ఆ పట్టికలు రాసిపెట్టిన మన శాస్త్రిగారినీ ఇప్పుడిప్పుడే తలుచుకుంటున్నారు.

వీళ్ళు చూసినది ఏ మాటలనుకున్నారు? కావ్యాల్లో మాటలు కావు. కన్ను, చెవి, చెయ్యి, రెండు, మూడు, రా, పో, ఉప్పు, పాలు. పొరుగువాళ్ళ దగ్గర భాష ఎరువు తెచ్చుకున్నవాళ్ళు దేవుడి పేర్లు తెచ్చుకుంటారు, చదువు మాటలు తెచ్చుకుంటారు. చెవికి, చేతికి మాట ఎరువు తెచ్చుకోవడం అరుదు. అక్కడ పోలిక కనబడితే అది రక్తసంబంధమే. అయితే రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలైపోవు. అవసరం అని మనమూ అంటాం, తమిళులూ అంటారు. మనకి అది కావలసిన పని, వాళ్ళకి తొందర. ఇద్దరూ సంస్కృతం ఇంటి నుంచి తెచ్చుకున్నదే. చెవి కథ వేరు. మనకి చెవి, తమిళంలో చెవి, కన్నడంలో కివి, తుళులో కెబి. తేడా వున్నా చుట్టరికమే, ఎందుకంటే ఆ తేడాకి ఒక పద్ధతి వుంది. తమిళంలో చెయ్, మనకి చెయ్యి, కన్నడంలో గెయ్, మూడూ పని చెయ్యడమే. అదీ ఆ పద్ధతిలోనే నడిచింది.

ఇంత చెప్పాక ఒక తగువు వస్తుంది. మా వీధిలో నాలుగు భాషల వాళ్ళం వున్నాం, ఈ తగువు ఏడాదికి రెండుసార్లయినా వింటాను. తమిళం తల్లి, మిగతావి బిడ్డలు అని ఒకరంటారు. కాదు అని మనవాళ్ళు రోషపడతారు. నన్నడిగితే ఇందులో రోషపడాల్సింది లేదు. తల్లి వేరే వుంది. ఆవిడకి రాత లేదు, పుస్తకం లేదు, ఎప్పుడో గతించింది. మూలద్రావిడం అని పండితులు పెట్టుకున్న పేరు తప్ప ఆవిడ తన్ను తాను ఏమనుకుందో కూడా తెలియదు. వీళ్ళంతా అక్కచెల్లెళ్ళు. తమిళం తల్లి నగలు ఎక్కువ దాచుకున్న మాట నిజం. మనం వదిలేసిన ఆ మడతనాలుక ళకారం వాళ్ళ దగ్గర వుంది. కాని అన్నీ వాళ్ళ దగ్గరే లేవు. వాఁడు అని అరసున్నతో రాయించేవారు మన బళ్ళో, ఎందుకో చెప్పేవారు కారు. ఒకప్పుడు అది వాండు. అందులోని డకారం పాత ఆస్తి అని పండితులు అంటారు, తమిళంలో అవన్ అనేసరికి అది రాలిపోయింది. మూఁడులో అరసున్న కూడా అటువంటిదే. తమిళంలో మూన్ఱు అని ఇప్పటికీ రాస్తారు.

చుట్టరికాల మాటలు ఇంకా ముచ్చటగా వుంటాయి. అక్క నాలుగిళ్ళలోనూ అక్కే. అత్త మనకి మేనత్తా అవుతుంది, అత్తగారూ అవుతుంది. మేనరికాలు చేసుకునే జాతికి ఇద్దరూ ఒకటే కదా మరి! కన్నడంలో అత్తె కూడా అంతే. తండ్రి అన్న మాట చూడండి. తమిళంలో తందై, కన్నడంలో తందె. పాత తమిళంలో ఎందై అంటే నా తండ్రి, నుందై అంటే నీ తండ్రి, తందై అంటే తన తండ్రి. మన 'తన' ఇందులో వుంది. తమ్ముడు కూడా ఇలాగే. ఎంబి నా తమ్ముడు, నుంబి నీ తమ్ముడు, తంబి తన తమ్ముడు. నాదీ నీదీ పోయి, తనది ఒక్కటే మిగిలింది. అందుచేత "మా తమ్ముడు" అన్నప్పుడల్లా మనం "మా తన తమ్ముడు" అంటున్నామన్నమాట.

రోలు దగ్గరికి వద్దాం. తమిళంలో, మలయాళంలో ఉరల్, కన్నడంలో ఒరళు. రోకలి తమిళంలో ఉలక్కై, మలయాళంలో ఉలక్క, కన్నడంలో ఒనకె. మొదటి అచ్చు మన దగ్గర లోపలికి జరిగి, హల్లు ముందుకి వచ్చింది. ఇరండు రెండయిందీ అలాగే. అవన్ వరసలో మనం వాడు అనడమూ అలాగే. ఈ అలవాటు ఎక్కడ వుందా అని వెతికితే తమిళ, కన్నడాల్లో అంతగా కనబడదు. ఆదిలాబాదు అడవుల్లోని గోండుల దగ్గర కనబడుతుంది, వాళ్ళు రెంటిని రండ్ అంటారు. అరకు వైపు కొండదొరలు రుండి అంటారు. ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ సంగతి జీవితమంతా తవ్వారు. 1961లో తెలుగు ధాతువుల మీద పుస్తకం వేశారు. అరకు వైపు వెళ్ళి ఆ కొండభాషకి వ్యాకరణం రాశారు, అది 1969లో వచ్చింది. 2012లో వెళ్ళిపోయే ముందు, 2003లో, మొత్తం ద్రావిడ భాషల మీద పెద్ద గ్రంథం ఇచ్చి వెళ్ళారు. ఆయన తేల్చినదేమంటే, దక్షిణపు మాను రెండు కొమ్మలయింది. ఒక కొమ్మకి తమిళం, మలయాళం, కన్నడం, తుళు, కొడగు, నీలగిరుల్లోని తోడ, కోత. రెండో కొమ్మకి తెలుగు, గోండి, కొండ, కూయి, కువి, పెంగో, మండ. అంటే మన సొంత అప్పచెల్లెళ్ళు కొండల మీద వున్నారు. సంతకి వచ్చిన గోండు స్త్రీని చూసి, అడవి మనిషి, ఆవిడ భాష మనకేం అర్థమవుతుంది అని పక్కకి తప్పుకునే వాళ్ళని చూశాను. తమిళ పక్కింటావిడ కన్నా ఆవిడే మనకి దగ్గర చుట్టం.

ఇప్పుడు రుబ్బడానికి గ్రైండరు, నూరడానికి మిక్సీ వచ్చాయి. మంచిదే, నడుములు నిలిచాయి. రోలు పెరట్లో బోర్లించి వుంది, రోకలి పెళ్ళిపనులకి పసుపు కొట్టే రోజున తీస్తాం. సన్నికల్లు మాత్రం పెళ్ళిపీటల దగ్గర తప్పదు, పెళ్ళికూతురు చేత తొక్కిస్తాం. తమిళులు అమ్మి తొక్కిస్తారు, అదీ నూరే రాయే. ఈ సన్నికల్లు అన్న మాటలో కల్లు అంటే రాయి. తమిళంలో కల్, మలయాళ కన్నడాల్లో కల్లు, ఇవాళ్టికీ వాళ్ళు రాయిని అలాగే అంటారు. మనం విడిగా అనడం మానేశాం. తాటికల్లు తమిళంలో కళ్, పెద్ద ళకారంతో. మనకి రెండూ ఒకే కల్లు అయి కూర్చున్నాయి, బహుశా ఆ ఇబ్బందికే రాయి అన్న మాట పట్టుకున్నామేమో! పాత కల్లు పూర్తిగా పోలేదు. సన్నికల్లులో వుంది, ఓరుగల్లులో వుంది. ఒరు కల్లు, ఒకే రాయి. కాకతీయుల నాటి పండితులు దాన్నే ఏకశిలానగరం అన్నారు.