గంటకెంత? ‘ఈవ్ ఆన్‌లైన్’ ఆటలో సంపాదన చరిత్ర

‘ఈవ్ ఆన్‌లైన్’ అనే అంతరిక్ష క్రీడలో కొత్తగా చేరినవాడు పాతవాణ్ణి అడిగే మొదటి ప్రశ్న: గంటకెంత? గంటసేపు గ్రహశకలాలు తవ్వితే యెన్ని ‘ఇస్క్’లు, దొంగ ఓడలను వేటాడితే యెన్ని, బజారులో బేరం చేస్తే యెన్ని అని. యీ ప్రశ్నకు జవాబుగా యిరవై యేళ్లుగా పట్టికలు వేస్తూనే వున్నారు. ఆటలోకి కూలివాడి ప్రశ్న యెలా వచ్చింది, దానికి యే కాలంలో యెవరు లాభసాటి జవాబు చెప్పగలిగారు అన్నది చరిత్రకు సంబంధించిన సంగతి. సాహిత్యం చెప్పేవాడికి ఆటల గొడవ యెందుకని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మన హాస్టళ్లలో రాత్రిళ్లు యెక్కడ ఖర్చవుతున్నవో యెరిగినవారు నవ్వరు.

ఐస్లాండు రాజధాని రేక్యవిక్‌లోని సిసిపి అనే సంస్థ 2003 మే 6న యీ ఆటను విడుదల చేసింది. ఆటలోని ద్రవ్యం పేరు ‘ఇస్క్’. ఐస్లాండు ద్రవ్యమైన క్రోనాకు అంతర్జాతీయ సంకేతం కూడా ఆ మూడు అక్షరాలే. చైనాకు వేరే యేర్పాటు వున్నా, తక్కిన లోకంలోని ఆటగాళ్లంతా వొకే విశ్వంలో తిరుగుతారు. ఓడలూ, తుపాకులూ, మందుగుండూ దాదాపు అన్నీ ఆటగాళ్లే తయారుచేసి ఆటగాళ్లకే అమ్ముకోవాలి. పేలిపోయిన ఓడ తిరిగిరాదు. కాబట్టి యిక్కడ వుత్పత్తి వుంది, మారకం వుంది, యెడతెగని విధ్వంసం వుంది. యుద్ధం లేకపోతే బజారు యెండిపోతుంది.

తొలినుంచీ యిక్కడ పేదవాడి వృత్తి తవ్వకం. ‘వెల్డ్‌స్పార్’ అనే చవకరకం రాతిని లేజరుతో కోసి శుద్ధిచేస్తే ‘ట్రైటానియం’ అనే లోహం వస్తుంది. ఓడల తయారీకి అదే పునాది. తవ్వే ఓడ కడుపు చిన్నది. నిండినప్పుడల్లా స్టేషనుకు పోయి దింపిరావాలి. రాకపోకల్లోనే కాలం హరించిపోతున్నదని తవ్వేవాళ్లు వొక వుపాయం కనిపెట్టారు. రాతిని అంతరిక్షంలోనే వొక పెట్టెలో పోసి వుంచడం, పెట్టె నిండాక పెద్ద రవాణా ఓడతో వొక్కసారే మోసుకుపోవడం. పెట్టెలో 27,500 ఘనపు మీటర్ల సరుకు పడుతుంది. వుత్పత్తి పెరిగింది, వెంటనే పెట్టెదొంగలూ పుట్టారు. భద్రత సూచిక 0.5 నుంచి 1.0 దాకా వున్న చోట్ల ‘కాంకర్డ్’ అనే పోలీసుదళం వుంది గాని, అది నేరాన్ని ఆపదు. నేరం జరిగాక నేరస్థుడి ఓడను పేలుస్తుంది. పోలీసుల సంగతి యే విశ్వంలోనైనా వొకటే కాబోలు! 2009 నుంచి ‘హల్కగెడ్డాన్’ పేరుతో తవ్వకపు ఓడలను పనిగట్టుకొని పేల్చే పోటీలు కూడా నడిచాయి. గెలిచినవాళ్లకు బహుమతులు యిచ్చారు.

యీ తవ్వేవాళ్లలో వొక భ్రమ స్థిరపడిపోయింది: ‘నేను తవ్వుకున్న లోహం నాకు వుచితం.’ అలా అనుకున్నవాడు తన లోహంతో ఓడ కట్టి, ఆ లోహాన్నే విడిగా అమ్మితే వచ్చే సొమ్ముకంటే తక్కువకు ఓడను అమ్మి, లాభం వచ్చిందని సంతోషిస్తాడు. అనుభవజ్ఞులు అతణ్ణి యెగతాళి చేస్తారు. లెక్క ప్రకారం యెగతాళి సరైనదే. కాని అతడు తన శ్రమకు విలువ కట్టుకోకపోవడానికి కారణం తెలివితక్కువతనం కాదు. ఆ శ్రమకు కూలి యిచ్చినవాడు యెదుట లేడు. యింటిల్లిపాదీ మగ్గం చుట్టూ పనిచేసే నేతగాడూ, భార్యాబిడ్డలతో చేనులో దిగే కౌలురైతూ చేసే లెక్క యిదే. కేంద్ర ప్రభుత్వపు ధరల కమిషను సాగు ఖర్చులో కుటుంబ శ్రమను ప్రత్యేకంగా కట్టి చూపడం యిందుకే. భేదం వొకటి వుంది. నేతగాడికి వేరే దారి లేదు. ఆటగాడు కంప్యూటరు ఆపి లేచిపోవచ్చు. అయినా లేవడు. పగలంతా జీతానికి పనిచేసి వచ్చినవాడు సాయంత్రం వినోదం కోసం మళ్లీ పనిలోనే కూర్చోవడం నన్ను ఆశ్చర్యపరచిన విషయం. విశ్రాంతికి కూడా పని రూపం తప్ప మరో రూపం తోచనంతగా మనిషి మనస్సును యీ వ్యవస్థ మలిచిందని నా అభిప్రాయం.

మరొక సంగతి. తవ్వేవాడు సరుకు పుట్టిస్తాడు గాని ద్రవ్యం పుట్టించడు. కొత్త ఇస్క్ ముఖ్యంగా యంత్రం నడిపే దొంగ ఓడల తలలకు కట్టిన వెల నుంచి పుడుతుంది; పన్నులలో, దళారీ రుసుములలో మాయమవుతుంది. కనుక తవ్వేవాళ్ల సంఖ్య పెరిగితే సరుకు ధర పడుతుంది. వేటగాళ్ల సంఖ్య పెరిగితే ఇస్క్ విలువ పడుతుంది. యీ ప్రవాహాలను కనిపెట్టి చూడడానికి 2007లో సిసిపి ఎయోల్ఫుర్ గుడ్‌ముండ్సన్ అనే అర్థశాస్త్రవేత్తను నియమించింది. ఆయన తర్వాత 2014లో అక్యురేరి విశ్వవిద్యాలయానికి అధిపతి అయ్యాడు.

ఆటలో అసలు ధనం గంటల లెక్కకు అందని చోట పోగుపడింది. తొలి సంవత్సరాల్లో మేలురకం ఓడలకూ పరికరాలకూ మూల నమూనా పత్రాలను లాటరీలో పంచారు. పత్రం దక్కినవాడు అదే సరుకును యెన్నిసార్లయినా తయారుచేయవచ్చు. దక్కనివాడు యెంత శ్రమించినా చేయలేడు. పైగా సంస్థ వుద్యోగి వొకడు అలాంటి పత్రాలను తన పక్షానికి అక్రమంగా చేరవేశాడని 2007లో బయటపడింది. ఆ అలజడి తర్వాతే, 2008లో, ఆటగాళ్లు యెన్నుకునే సలహా మండలి వచ్చింది. లాటరీ పోయి, కృషితో నమూనాలు సాధించే మార్గం 2006 చివరలోనే వచ్చింది గాని, పాత పత్రాలను మాత్రం వెనక్కి తీసుకోలేదు. 1973 నాటి మన భూసంస్కరణల చట్టం అమలు తీరు యెరిగినవారికి యీ కథ కొత్తగా తోచదు.

చంద్రుల సంగతీ అంతే. పోలీసులు లేని సీమలో వొక చంద్రుడి వద్ద బురుజు నిలిపితే చాలు, యంత్రమే ఖనిజాన్ని తోడిపోస్తుంది. యజమాని నిద్రపోయినా ఆదాయం ఆగదు. యిలాంటి చంద్రుల కోసం పెద్ద కూటములు యేళ్ల తరబడి యుద్ధాలు చేశాయి. 2012లో ‘టెక్నీషియం’ చంద్రులున్న కూటములు కొన్ని చమురు దేశాల ఒపెక్‌ను అనుకరిస్తూ ‘ఓటెక్’ అనే గుత్తను స్థాపించి ధర నిలబెట్టాయి. తాము స్వయంగా వాడుకోలేని సీమలను కూటములు చిన్న బృందాలకు నెలవారీ కౌలుకు యిచ్చాయి. భూమి యెంతైనా సృష్టించగలిగిన కల్పిత విశ్వంలో కూడా జమీందారు పుట్టాడు! 2017 అక్టోబరులో సిసిపి వొక పెద్ద మార్పు చేసింది. చంద్రుడి నుంచి వూడదీసిన రాతిముక్కను ఆటగాళ్లే వచ్చి తవ్వాలి. కూర్చుని తినేవాడికి అప్పుడు కూలివాడి అవసరం కలిగింది.

వర్తకుల గురించి యెక్కువ చెప్పనక్కరలేదు. మొదట పెద్ద బజారు యూలైలో వుండేది. దాన్ని కలిపే దగ్గరి దారులను తీసివేసిన తర్వాత బజారు జిటాకు తరలింది. యెక్కడా తవ్వకుండా, జిటా స్టేషను దాటకుండా, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్యనున్న సందులో కోటీశ్వరులైనవారు వున్నారు.

2008 అక్టోబరులో ఐస్లాండు మూడు పెద్ద బ్యాంకులూ కూలిపోయాయి. మరుసటి నెలలోనే ఆటలోకి ‘ప్లెక్స్’ వచ్చింది. యీ రెంటికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం లేదు. కాలం మాత్రం చెబుతున్నాను. అసలు డబ్బుతో సంస్థ వద్ద కొన్న ప్లెక్స్‌ను ఆటలోని బజారులో ఇస్క్‌కు అమ్ముకోవచ్చు. దాన్ని కొన్నవాడు తన నెల చందాకు బదులు వాడుకోవచ్చు. దీనివల్ల కొత్త ఇస్క్ వొక్కటి కూడా పుట్టదని గమనించాలి. డాలరు చెల్లించినవాడికి చేరే ఇస్క్ మరొక ఆటగాడు గంటలకొద్దీ తవ్వి, వేటాడి సంపాదించినది. శ్రమ ఆ మరొకడిది, డాలరు మధ్యనున్న సంస్థది. ‘నేను వుచితంగా ఆడుతున్నాను’ అనేవాడి చందాను యింకెవడో చందా కంటే యెక్కువ ధరకే చెల్లించి వుంటాడు. నెల ఆటకు సరిపడే ప్లెక్స్ ధర 2009లో సుమారు 30 కోట్ల ఇస్క్. 2016 నాటికి 100 కోట్లు దాటింది. అంటే అదే నెల కోసం యెక్కువ ఇస్క్ కూడబెట్టాలి.

ప్లెక్స్ వచ్చిన తర్వాత ఆటలోని గంటకూ బయటి గంటకూ మారకపు రేటు యేర్పడింది. అమెరికాలో సమాఖ్య కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. అక్కడి హోటలు పనివాడికి ఇస్క్ సంపాదించే అత్యంత లాభసాటి మార్గం ఆట ఆడకుండా మరో రెండు మూడు గంటలు పళ్లేలు కడగడం! సురక్షిత సీమలో వొంటరిగా తవ్వేవాడు అంత ఇస్క్ కూడబెట్టడానికి పదుల గంటలు కూర్చోవాలి. కాబట్టి, సమర్థమైన సంపాదన యేది అన్న ప్రశ్నకు ఆటలో జవాబు లేదు. ఆడేవాడు యే దేశంలో, యే కూలికి అమ్ముడుపోతున్నాడో దాన్నిబట్టి జవాబు మారుతుంది.

2019 చివరినుంచి సిసిపి గ్రహశకలాలలోని ఖనిజాన్ని తగ్గించి కృత్రిమమైన కొరత కల్పించింది. పెద్ద ఓడల ధరలు ఆకాశానికి యెక్కాయి. సంస్థను 2018లో కొరియాకు చెందిన పెర్ల్ అబిస్ కొన్నది. 2022 మేలో నెల చందాను 14.99 నుంచి 19.99 డాలర్లకు పెంచారు. అమెరికా కనీస వేతనంతో లెక్కిస్తే యిది మూడు గంటలకు లోపు పని. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో వుపాధి హామీ దినకూలి 300 రూపాయలు. ఆ డాలర్లను ఆనాటి మారకపు రేటున రూపాయల్లోకి మారిస్తే 1,650 పైచిలుకు, అంటే మట్టి మోసేవాడికి అయిదున్నర దినాల కూలి.