గడ్డికోతలో బలము తగ్గునది ఎచ్చట?

సికింద్రాబాదు చరిత్ర చెప్పుకొనునప్పుడు దండును, దొరలను తలచుకొందుము గాని, ఆ దండును నిలిపిన గడ్డిని తలచుకొనుట అరుదు. 1798లో నిజాము ఆంగ్లేయులతో చేసికొన్న సంధి ననుసరించి వారి సేన హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున విడిసినది. 1806లో ఆ తావునకు సికందర్ జా పేరిట సికింద్రాబాదను పేరు కలిగినది. సేనకు గుఱ్ఱములు, గుఱ్ఱములకు దినదినమును గడ్డి కావలసి యుండెను.

1886లో యూల్, బర్నెల్ అనువారు ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' పదకోశములో గడ్డికోతవాని ప్రస్తావన కలదు. గుఱ్ఱమునకు సాయిసుగాక, గడ్డి తెచ్చుటకే వేఱొక మనిషి సామాన్యముగా ఉండెడివాడని వారు వ్రాసిరి. నాటి కోతకు బలము మనిషి భుజములే. కోత మందగించినచో వానిని సోమరి యనుట సులువు. కాని కొడవలి పట్టినవా రెఱిగిన సత్య మొకటి కలదు: మొద్దువాఱిన కొడవలి మనిషి బలమును మ్రింగివేయును. కోతగాడు నడుమనడుమ ఆగి కొడవలి నూరుకొనుట పని మానుట కాదు, అదియు పనియే.

మేతకు గడ్డి కోయుట వేఱు, ఆటకు నేలను తీర్చుట వేఱు. 1896 నవంబరులో హైదరాబాదున జరిగిన గోల్కొండ కప్పు పోలో పోటీలో బెంగుళూరి నుండి వచ్చిన నాలుగవ హుస్సార్ల దళము గెలిచినది. విన్‌స్టన్ చర్చిల్ ఆ జట్టులో ఆడెను. ఇట్టి ఆటలకు గడ్డి పొట్టిగా, సమముగా ఉండవలయును. అట్టి కోతకై యంత్రము ఇంగ్లండున అంతకు ముందే పుట్టియుండెను. స్ట్రౌడ్ ప్రాంతపు ఎడ్విన్ బడ్డింగ్, మిల్లులలో ఉన్నిబట్టపై నూగును కత్తిరించు యంత్రమును చూచి, ఆ సూత్రముతోనే గడ్డికోత యంత్రమును కల్పించి 1830లో పేటెంటు పొందెను. దానిని మనుష్యులే నెట్టెడివారు. పిదప గుఱ్ఱములు లాగినవి. పచ్చికపై గిట్టల గుఱుతులు పడకుండ వానికి తోలుజోళ్లు తొడిగెడివారు. 1890ల నాటికి ఆవిరి, 1902లో రాన్సమ్స్ కంపెనీవారి యంత్రముతో పెట్రోలు ఇంజను వచ్చినవి. క్రమముగా తోలువాడు యంత్రముపైననే కూర్చుండి కోయు కాలము వచ్చినది.

బలము మాఱినది గాని నింద మాఱలేదు. కోయుచుండగా యంత్రము నీరసించినచో ఇంజను చెడినదనుచు వేల రూపాయలు వ్యయము చేయుటకు సిద్ధపడుదుము. మొదట చేయవలసిన పరీక్ష సులువైనది. బ్లేడును ఆపి యంత్రమును నడిపి చూడవలెను. అప్పుడు ఇంజను నిలకడగా తిరిగినచో దోషము తఱచు క్రిందనే యుండును: బ్లేడు మొద్దువాఱుట, వానకాలపు తడిగడ్డి మూత లోపల అట్టగట్టుట, బెల్టు జాఱుట, లేదా ఎదిగిన గడ్డిని ఒక్కమాటుగా మొదలంట కోయబూనుట. గడ్డి యెత్తులో మూడవ వంతుకు మించి ఒకసారి కోయరాదు.

బ్లేడు ఆపినను నీరసముగనే యున్నచో ఇంజను వైపు చూడవలెను. మన వేసవి దుమ్ము గాలి వడపోతను మూసివేసినచో ఇంజనుకు ఊపిరి యాడదు. పెట్రోలు వడపోత, స్పార్కు ప్లగ్గు చూడవలెను. కొంతసేపు చక్కగా నడచి పిమ్మట ఆగునట్టిదైనచో, పెట్రోలు టాంకి మూతలోని సన్నని గాలిరంధ్రము పూడి యుండవచ్చును. మూత వదులు చేయగనే కోలుకొన్నచో కారణము దొరికినట్లే. ఇంజను చుట్టునున్న రేకుల నడుమ గడ్డిపొట్టు నిండినను అది వేడెక్కి బలము కోల్పోవును. అయితే బ్లేడు దగ్గఱ చేయి పెట్టుటకు ముందు ఇంజనును ఆపి, ప్లగ్గు తీగను ఊడదీయుట తప్పనిసరి.

ఇన్నియు చూచిన తరువాత గాని ఇంజను లోపలి భాగములను విప్పింపరాదు. భుజమైనను, గుఱ్ఱమైనను, పెట్రోలైనను కోతకు బలము మాత్రమే ఇయ్యగలదు. ఆ బలమును గడ్డివఱకు చేర్చునది పదును, శుభ్రత, మితము. కొడవలి నూరుకొనుటకు ఆగిన ఆ పేరులేని కోతగాండ్రకు ఈ సంగతి మనకంటె ముందే తెలియును.