గోడకి అవతల ఎవరున్నారు?

హ్యూస్టన్లో ఉండే మనవాళ్ళకి మూడ్రోజులు వరసగా సెలవొస్తే న్యూ ఆర్లీన్స్ గుర్తొస్తుంది. ఐ-10 ఎక్కితే ఐదారు గంటల ప్రయాణం. పిల్లలూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలూ వెంట ఉంటే హోటల్ గది చాలదు. వంటిల్లు కావాలి (కుక్కరూ, ఆవకాయా ఎలాగూ డిక్కీలో ఉంటాయి), మేడమెట్లు ఉండకూడదు, వెనకాల కాస్త జాగా ఉండాలి, ఫ్రెంచ్ క్వార్టర్‌కి నడిచి వెళ్ళిపోవాలి. ఇవన్నీ టిక్కులు పెట్టి వెతికితే కనిపించే పేటల్లో ట్రెమే ఒకటి. "చారిత్రక పేటలో, కుటుంబాలకు అనువైన ఇల్లు" తరహా వర్ణనలు ఉంటాయి. ఆ మాటల్లో అబద్ధం లేదు. పేట చారిత్రకమే, ఇల్లు కట్టిందీ కుటుంబాల కోసమే. ఎవరి కుటుంబాల కోసం అన్నదే అసలు కథ.

ముందు పేట గురించి. న్యూ ఆర్లీన్స్‌ని ఫ్రెంచివాళ్ళు 1718లో మొదలెట్టారు. మనం ఫ్రెంచ్ క్వార్టర్ అని మురిసిపోయే చోట నిజంగా ఫ్రెంచి కాలం నాటి కట్టడాలు మిగిలింది బహు తక్కువ. స్పెయిన్ ఏలుబడిలో 1788లో ఒకసారి, 1794లో ఇంకోసారి ఊరు తగలబడింది, ఆ తర్వాత కట్టినవే ఇప్పుడున్నవి. 1803లో ఊరు అమెరికా చేతికొచ్చింది. క్వార్టర్ వెనకాల క్లాడ్ ట్రెమే అనే టోపీలు చేసే ఆయనకి తోటలూ పొలాలూ ఉండేవి. 1810లో నగరపాలన వాటిని కొనేసి, వీధులు గీసి, ముక్కలుగా అమ్మింది. కొన్నవాళ్ళలో తెల్లవాళ్ళూ ఉన్నారు, బానిసత్వం నుంచి బయటపడ్డ, లేదా స్వేచ్ఛగానే పుట్టిన నల్లవాళ్ళూ, మిశ్రమ సంతతి వాళ్ళూ ఉన్నారు. ఒకపక్క అదే ఊళ్ళో మనుషుల్ని వేలం వేస్తున్న రోజుల్లో, ఇంకోపక్క నల్లవాళ్ళు తమ పేరుమీద స్థలం రాయించుకుని ఇల్లు కట్టుకున్నారన్నమాట. 1809లో హైతీ మూలాలున్న కాందిశీకులు క్యూబా నుంచి 9 వేలకు పైగా వచ్చిపడ్డారు. వాళ్ళలో సుమారు మూడోవంతు స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్ళూ, మిశ్రమ సంతతి వాళ్ళే. మేస్త్రీలు, వడ్రంగులు, కమ్మరులు, చెప్పులు కుట్టేవాళ్ళు... పేట కట్టిన చేతులు వీళ్ళవి.

ఇక ఇళ్ళు. రెండు రకాలు ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి క్రియోల్ కాటేజ్: కాలిబాటని ఆనుకుని, నడవా లేకుండా నాలుగు గదులు. రెండోది షాట్‌గన్: మన రైలుపెట్టె ఇల్లులాంటిది. గదుల వెనక గదులు, ముందు తలుపు దగ్గర నించుంటే వెనక తలుపు దాకా కనిపిస్తుంది. వంటింట్లోకి వెళ్ళాలంటే అందరి మంచాలూ దాటుకుంటూ వెళ్ళాలి. అలాంటివి రెండింటిని మధ్య గోడతో అతికిస్తే డబుల్ షాట్‌గన్. ఒక సగంలో సొంతదారు కాపురం, రెండో సగం అద్దెకివ్వడం ఇక్కడ మామూలు సంగతి. బానిసత్వం ఉన్న కాలంలోనే స్వేచ్ఛ ఉన్న నల్లజాతి ఆడవాళ్ళు చాలామంది ఈ ఊళ్ళో గదులు అద్దెకిచ్చి బతికారు. కాబట్టి బయటివాళ్ళకి ఇల్లు అద్దెకివ్వడమే తప్పు అనే వాదన నేను ఒప్పుకోను. ఇది ఇక్కడ పాత బతుకుతెరువే. కాకపోతే అప్పుడు గోడకి అవతల ఇంటివాళ్ళు ఉండేవాళ్ళు.

ఈ పేట ఏం ఇచ్చిందో రెండు ముక్కల్లో. దీని అంచునే కాంగో స్క్వేర్ ఉంది. బానిసలు ఆదివారాలు చేరి డప్పులు కొట్టి ఆడిపాడటానికి 1817 నుంచి నగరం వదిలిన చోటు అదొక్కటే. జాజ్ వేళ్ళు వెతికేవాళ్ళందరూ ముందు అక్కడికే వస్తారు. 1842లో తెరిచిన సెయింట్ ఆగస్టీన్ చర్చిలో స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్ళు తమకి బల్లలు కొనుక్కుని, పక్క వరసల్లో బల్లలు కొని బానిసలకిచ్చారు. 1892లో తెల్లవాళ్ళ రైలుపెట్టెలో కావాలని కూర్చుని అరెస్టయిన హోమర్ ప్లెసీ ఈ పేట మనిషే, చెప్పులు కుట్టేవాడు. 1896లో సుప్రీంకోర్టు ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చి "విడివిడిగా, కానీ సమానంగా" అన్న సిద్ధాంతానికి ముద్ర వేసింది. ఆయనకి లూసియానా గవర్నరు క్షమాభిక్ష పెట్టింది 2022లో!

ఇప్పుడు మనం ఎక్కి వచ్చిన ఐ-10 సంగతికొద్దాం. ట్రెమేలో క్లెయిబోర్న్ అనే వెడల్పాటి వీధి ఉంది. మధ్యలో ఓక్ చెట్ల వరసలు, రెండువైపులా నల్లవాళ్ళ దుకాణాలు, బీమా కంపెనీలు, మందుల షాపులు. మార్డీ గ్రా పండగకి కుటుంబాలన్నీ ఆ చెట్ల కిందే చేరేవి. 1966లో ఆ చెట్లు కొట్టేసి, వీధి నెత్తిమీద ఐ-10 ఎత్తుదారి కట్టేశారు. దాదాపు అదే కాలంలో ఫ్రెంచ్ క్వార్టర్ ముందు నది ఒడ్డునా ఒక ఎత్తుదారి వేద్దామనుకున్నారు. అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 1969లో కేంద్ర ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఒకే ఊరు, రెండు రోడ్లు. ఒకటి ఆగింది, ఒకటి ఆగలేదు. ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా. అది చాలదన్నట్టు సాంస్కృతిక కేంద్రం కడతామని కాంగో స్క్వేర్ వెనక ఇళ్ళ వరసలు కూల్చేశారు. ఆ జాగాలోనే 1980లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కు తెరిచారు. సంగీతకారుల ఇళ్ళు తీసేసి సంగీతకారుడి పేరుతో పార్కు!

2005 ఆగస్టులో కత్రినా వచ్చింది, ఊళ్ళో 80 శాతం మునిగింది. 2000లో 4,84,674 ఉన్న జనాభా 2010 నాటికి 3,43,829కి పడిపోయింది. ట్రెమేలో క్వార్టర్‌ని ఆనుకున్న భాగం కాస్త మెరక, అక్కడ నష్టం తక్కువ. దాంతో ఆ ఇళ్ళమీద బయటివాళ్ళ కన్ను పడింది. 2016 డిసెంబరులో నగరం స్వల్పకాలపు అద్దెల్ని చట్టబద్ధం చేసింది. క్వార్టర్లో దాదాపు పూర్తిగా వద్దంది, మిగతా నివాస పేటల్లో ఏడాదికి 90 రోజులు ఇల్లంతా ఇవ్వొచ్చంది, సొంతదారు అక్కడ ఉండక్కర్లేదంది. మా ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే అవసరమైన ఒక్క కండిషన్ మర్చిపోయారు. నీళ్ళు పల్లానికి పోయినట్టు డబ్బు పక్కపేటల్లోకి పోయింది. 2019లో ప్యాచ్ వేశారు: నివాస ప్రాంతాల్లో సొంతదారు అదే ఇంట్లో ఉంటేనే లైసెన్సు. 2022లో ఫెడరల్ అప్పీలు కోర్టు, ఇది వేరే రాష్ట్రాల యజమానులపై వివక్ష అని కొట్టేసింది. 2023లో ఇంకో వెర్షన్: ఒక బ్లాకుకి ఒకటే, పోటీ ఉంటే లాటరీ. దానిమీదా కేసులే.

రెండో పక్షం మాటా వినాలి. వరద తర్వాత అద్దె డబ్బుతోనే కప్పు వేయించుకున్నవాళ్ళు ఉండొచ్చు. బీమా, పన్నులు పెరుగుతుంటే తాతల ఇల్లు నిలుపుకోడానికి ఒక సగం అద్దెకిచ్చుకునే ముసలమ్మని తప్పుపట్టడానికి మనమెవరం? నా గొడవంతా రెండు సగాలూ అద్దెకే పోయిన ఇళ్ళ గురించి. రోడ్డు వేసేవాళ్ళు ఇల్లు కూల్చి మనుషుల్ని పంపేశారు. ఇప్పుడు ఇల్లు ముచ్చటగా రంగులేసి ఉంటుంది, మనుషులే ఉండరు. వీధిలో బ్యాండు వెనక ఆడుకుంటూ వెళ్ళే సెకండ్ లైన్ ఊరేగింపు చూడాలని మనం వస్తాం. ఆ బూర ఊదే కుర్రాడు అద్దె కట్టలేక ఊరి చివరికి పోతే, ఆదివారం ఏం చూస్తాం?

వెళ్ళొద్దని చెప్పట్లేదండీ. వెళ్ళండి, అమ్మానాన్నల్నీ తీసుకెళ్ళండి. బుక్ చేసేముందు వంటిల్లు ఉందా, ఏసీ ఉందా అని అడుగుతాం కదా, ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. నగరం ఇచ్చిన లైసెన్సు నంబరు ఎంత? సొంతదారు ఎక్కడుంటారు? "పక్క సగంలోనే" అని జవాబొస్తే సందేహించకుండా డబ్బు కట్టెయ్యండి. ఆ పక్క సగం ఆవిడ దగ్గర ఒక్క గంట కూచుంటే, నేను రాసిన దానికి పదింతలు చెబుతుంది.