కాగితం మీద ఎవరి పేరు? ఆడవాళ్ల వ్యాపారాలు రిజిస్టరైన చరిత్ర

ఏటా ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్కలు చెప్పుకుంటాం. ఈసారి లెక్కల పక్కన కొంచెం చరిత్ర కూడా చెప్పుకోవాల్సి వచ్చింది. కారణం మీకు తెలిసిందే. కారం, పసుపు పొడుల యూనిట్ పెడదామని ముప్పై మందికి పైగా సభ్యులు ముందుకొచ్చారు. షెడ్డు ఎక్కడో తేలింది, కారం పట్టే మిషన్ ఏది కొనాలో తేలింది. తేలనిది ఒక్కటే: ఆ యూనిట్‌ను ఏ చట్టం కింద, ఎవరి పేరు మీద రిజిస్టర్ చేయించాలి? వచ్చే మహాసభలో దీని మీద తీర్మానం చేయాలి.

"ముందు పని మొదలుపెడదాం, కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఒకప్పుడు మేమూ అదే మాట అన్నాం. దాని ఫలితం ఏమైందో కింద రాశాం. అంతకంటే ముందు, మనలాంటి ఆడవాళ్లే ఇదే ప్రశ్నకు ఎప్పుడెప్పుడు ఏం జవాబు చెప్పుకున్నారో చూద్దాం.

ఏడుగురు, 80 రూపాయలు

1959 మార్చి 15న బొంబాయిలోని గిర్‌గాఁవ్‌లో ఏడుగురు గుజరాతీ ఆడవాళ్లు మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ అప్పు తెచ్చిందే. ఆ రోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. అదే తర్వాత లిజ్జత్ పాపడ్ అయింది. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది.

ఆ అప్పడాల కథ అందరూ చెబుతారు. రిజిస్ట్రేషన్ కథ మాత్రం ఎవరూ చెప్పరు. ఏడేళ్లు పని నడిచాక, 1966లో వాళ్లు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంస్థను నమోదు చేయించారు. ఆ చట్టం 1860 నాటిది. అదే ఏడాది ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దాన్ని గ్రామ పరిశ్రమగా గుర్తించింది. చేతిలో కాగితం ఉంది కాబట్టే ఆ గుర్తింపు అడగగలిగారు. అయితే కాగితం కంటే ముందే వాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. అప్పడం ఒత్తే ప్రతి అక్కా యజమానే, ఒకరు ఎక్కువ ఒకరు తక్కువ లేదు. నియమం ముందు కుదిరింది, చట్టం తర్వాత వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకోవాలి.

"మీ యజమాని ఎవరు?"

అహ్మదాబాదులో బరువులు మోసేవాళ్లు, పాత బట్టలు అమ్మేవాళ్లు, కూరగాయలమ్మేవాళ్లు ఇలా భట్ గారితో కలిసి 'సేవ' అనే సంఘం పెట్టుకున్నారు. దాన్ని కార్మిక సంఘంగా రిజిస్టర్ చేయమని అడిగితే అధికారులకు అర్థం కాలేదు. "మీకు యజమానే లేడు గదా, ఎవరి మీద పోరాడతారు?" అన్నారు. సంఘం అంటే ఒకరి మీద పోరాడటానికే కాదు, మేమంతా ఒక్కటి కావడానికి కూడా అని వీళ్లు జవాబు చెప్పారు. చివరికి 1972లో రిజిస్టరైంది.

రెండేళ్లకు వాళ్లే తమ బ్యాంకు పెట్టుకోవాలనుకున్నారు. నాలుగు వేల మంది తలా పది రూపాయల వాటా వేశారు. అప్పుడు ఇంకో అడ్డు వచ్చింది. చదువు రాని ఆడవాళ్లు బ్యాంకు ఎట్లా నడుపుతారు, సంతకం కూడా రాదు గదా అన్నారు. బ్యాంకు పెట్టే సభ్యులు రాత్రంతా కూర్చుని తమ పేరు రాయడం నేర్చుకున్నారు. పాసు పుస్తకం మీద ఫొటో అంటించే పద్ధతి పెట్టి, ఖాతా ఎవరిదో గుర్తుపట్టే చిక్కు కూడా తీర్చారు. 1974లో సేవ బ్యాంకు సహకార బ్యాంకుగా రిజిస్టరైంది. ఒకే ఆడవాళ్లు హక్కుల పనికి ఒక చట్టం, డబ్బు పనికి ఇంకో చట్టం ఎంచుకున్నారు. పనిని బట్టి రూపం.

మన సంఘానికి రిజిస్ట్రేషన్ ఎందుకు లేదు?

ఇక మన దగ్గరికి వద్దాం. 1982లో డ్వాక్రా పథకం వచ్చింది. 1991, 92 సంవత్సరాల్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. సారాకు పోయే డబ్బు మిగిలింది, రోజుకో రూపాయి పొదుపు మొదలైంది.

ఆ దశలోనే, 1992లో నాబార్డు దేశంలో 500 సంఘాలను బ్యాంకులకు కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. రిజిస్టర్ కాని సంఘం కూడా తన పేరుతో పొదుపు ఖాతా తెరవొచ్చని రిజర్వు బ్యాంకు 1993లో ఒప్పుకుంది. మనలాంటి వాళ్లకు అదొక పెద్ద తలుపు. ఏ ఆఫీసుకూ పోకుండా, తీర్మానం పుస్తకం, ముగ్గురి సంతకాలతో మన ఖాతా మొదలైంది.

సంఘంలో ఇరవై మందికి మించి ఉండకూడదని ఎందుకన్నారో చాలామందికి తెలియదు. అది ఎవరో సరదాగా పెట్టిన అంకె కాదు. 1956 నాటి కంపెనీల చట్టం ప్రకారం, లాభం కోసం వ్యాపారం చేసే గుంపులో 20 మంది దాటితే రిజిస్టర్ చేయించి తీరాలి. రిజిస్ట్రేషన్ బాధ లేకుండా ఉండాలనే సంఘాలను ఆ గీత లోపలే ఆపారు.

రిజిస్ట్రేషన్ లేకపోవడం పొదుపుకు, అప్పుకు సుఖమే. కానీ రిజిస్టర్ కాని సంఘం చట్టం కళ్లకు ఒక మనిషి కాదు. దాని పేరు మీద స్థలం రాదు. పెద్ద ఒప్పందం రాసుకోలేం. బాకీ ఎగ్గొట్టినవాడి మీద సంఘం పేరుతో దావా వేయలేం. పొదుపు చేసే చేతులు వ్యాపారంలోకి దిగగానే ఈ లోటు బయటపడుతుంది.

1995: మన రాష్ట్రం చేసిన పని

సహకార చట్టం కొత్తదేం కాదు. 1904 నుంచీ ఉంది. కానీ మన 1964 చట్టం కింద సంఘంలో సర్కారుకు వాటా ఉండొచ్చు, రిజిస్ట్రారు పాలకవర్గాన్ని రద్దు చేయొచ్చు, ఎన్నికలు వాయిదా పడొచ్చు, సభ్యులు ఎన్నుకోని అధికారి వచ్చి కుర్చీలో కూర్చోవచ్చు. సొమ్ము సభ్యులది, పెత్తనం ఇంకొకరిది.

దీన్ని మార్చాలని సహకార ఉద్యమంలో పనిచేసినవాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. మనం 'మ్యాక్స్' అని పిలిచేది దీన్నే. వేర్వేరు కుటుంబాలకు చెందిన పది మంది చేరితే సంఘం పెట్టుకోవచ్చు. సర్కారు వాటా ఉండదు. బైలా మనమే రాసుకుంటాం, ఎన్నికలు మనమే జరుపుకుంటాం. బదులుగా ఏటా ఆడిట్ చేయించాలి, మహాసభ పెట్టి సభ్యులకు లెక్క చెప్పాలి.

దీని బలం చూడాలంటే పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరు వైపు చూడాలి. ఊరూరా పాలు పోసే ఆడవాళ్లు మ్యాక్స్ చట్టం కింద సంఘాలు పెట్టుకుని, అవన్నీ కలిపి యూనియన్ చేసుకున్నారు. 2002లో వాళ్ల డెయిరీ మొదలైంది. 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతున్నారు. పాలు పోసేదీ వాళ్లే, పాలకవర్గంలో కూర్చునేదీ వాళ్లే.

2000 తర్వాత వెలుగు కార్యక్రమంలో ఏర్పడిన మండల సమాఖ్యలు కూడా ఈ చట్టం కిందే రిజిస్టరయ్యాయి. అందుకే మీరిప్పుడు చదువుతున్న ఈ నివేదిక అచ్చవుతోంది. 2011లో వచ్చిన స్త్రీనిధి మాత్రం 1964 చట్టం కిందిది. అందులో సమాఖ్యలతో పాటు సర్కారు కూడా భాగస్వామి. అంటే ఒకే అక్క సంఘంలో ఒక పద్ధతిలో, సమాఖ్యలో ఇంకో పద్ధతిలో, స్త్రీనిధిలో మూడో పద్ధతిలో సభ్యురాలు.

2002లో కేంద్రం ఉత్పత్తిదారుల కంపెనీ అనే ఇంకో రూపం తెచ్చింది. పది మంది ఉత్పత్తిదారులు చాలు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. పేరుకు కంపెనీ అయినా లోపల సహకార సంఘం లాంటిదే.

మన ఇంట్లో జరిగింది

ఇప్పుడు మా తప్పు చెప్పుకుంటాం. కొన్నేళ్ల కిందట మన పరిధిలోని ఒక ఊళ్లో ఎనిమిది మంది కలిసి పచ్చళ్ల పని పెట్టారు. లైసెన్సు తొందరగా వస్తుందని, బ్యాంకు ఖాతా, మిషన్ బిల్లు, అన్నీ ఒక్క అక్క పేరు మీదే తీసుకున్నారు. ఆమె అందరికంటే చదువుకున్నది, నమ్మకస్తురాలు. మేమూ వద్దనలేదు. నాలుగో ఏడాది ఆమె జబ్బుచేసి చనిపోయింది. బ్యాంకుకు పోతే ఖాతా ఆమె సొంతం, డబ్బు వారసులకే ఇస్తామన్నారు. చట్టం ప్రకారం అదే సరి. ఎన్నోసార్లు పెద్దమనుషుల్లో కూర్చుంటే ఆమె కొడుకు మిషన్ తిరిగిచ్చాడు. ఖాతాలో డబ్బు మాత్రం రాలేదు. ఏడుగురి పెట్టుబడి, ఏడాది కష్టం పోయాయి. వాళ్లలో ఇద్దరు ఆ తర్వాత సంఘంలోకే రాలేదు. తప్పు ఆ అక్కది కాదు, కొడుకుదీ కాదు. ఎనిమిది మంది వ్యాపారాన్ని ఒకరి పేరు మీద రాయనిచ్చిన మాది.

అయితే ఏ దారి?

ఒక్కరే నడిపే కుట్టు మిషన్, కిరాణా కొట్టులాంటి వాటికి సొంత పేరు చాలు. కానీ అప్పు వస్తే ఇల్లు వాకిలి కూడా బాధ్యతలోకి వస్తాయి.

ఇద్దరు ముగ్గురు కలిస్తే 1932 చట్టం కింద భాగస్వామ్యం రాసుకోవచ్చు. ఒకరు చేసిన అప్పుకు అందరూ బాధ్యులే. పత్రంలో వేరేగా రాసుకోకపోతే ఒకరు చనిపోగానే సంస్థ రద్దయిపోతుంది. రిజిస్టర్ చేయించకపోతే బాకీదారు మీద దావా వేయలేరు. ఇప్పటి నిబంధనల ప్రకారం 50 మందికి మించకూడదు.

సొసైటీ సేవా పనులకు ఉద్దేశించినది, లాభం పంచుకునే యూనిట్‌కు సరిపోదు. లిజ్జత్‌ను చూసి ఆ దారి పట్టొద్దు.

ఉత్పత్తిదారుల కంపెనీ దూర ప్రాంతాల్లో అమ్మడానికి, పెద్ద అప్పుకు బాగుంటుంది. కానీ ఏటా పత్రాలు దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయలు అదనంగా కట్టాలి. ఆడిటరు ఖర్చు మోయగలిగే అమ్మకం ఉంటేనే దాని జోలికి పోవాలి.

మ్యాక్స్ మనకు అలవాటైన దారి. సభ్యులు వస్తుంటారు, పోతుంటారు, సంఘం నిలుస్తుంది.

ఇంకో మాట. ఉద్యమ్ సర్టిఫికెట్ వచ్చింది గదా, రిజిస్ట్రేషన్ అయిపోయింది అనుకుంటున్నారు. ఉద్యమ్ చిన్న పరిశ్రమగా గుర్తింపు మాత్రమే. తిండి సరుకుకు తీసుకునే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి వేరు. ఈ రెండూ యజమాని ఎవరో తేల్చవు. ఉద్యమ్ నమోదు ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

కారం యూనిట్‌కు మ్యాక్స్ మేలని మా అభిప్రాయం. నిర్ణయం మాత్రం మహాసభదే. వచ్చేముందు మీ గ్రామైక్య సంఘంలో ఈ ప్రశ్నలు మాట్లాడుకుని రండి: వాటా ఎంత? లాభం వాటాను బట్టా, పనిని బట్టా? ఒకరు మానేస్తే డబ్బు ఎప్పుడు తిరిగిస్తాం? ఒకరు చనిపోతే ఆ ఇంటికి ఏమిస్తాం? చెక్కు మీద ఎవరెవరి సంతకాలు? జవాబులన్నీ బైలాలోకి ఎక్కాలి. బైలా చదివి వినిపించకుండా ఎవరూ సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు.