‘జ్ఞా’ మీద పడ్డ నింద

2018 ఫిబ్రవరిలో కొన్నాళ్లపాటు టెక్ వార్తలన్నీ ఒక తెలుగు అక్షరం చుట్టూ తిరిగాయి. ఐఫోన్‌కి ఎవరైనా ఆ అక్షరం పంపితే మెసేజ్ తెరిచిన యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే చాట్ గీయాలి కాబట్టి మళ్లీ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కుప్పకూలేది. ఆ అక్షరం ‘జ్ఞా’ అన్నారు.

ఇక్కడే ఓ చిక్కుంది. జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞానం అని మనం రోజూ రాస్తూనే ఉన్నాం. వాటికి ఏ ఫోనూ పడిపోలేదు. మరి తప్పెక్కడ?

నిన్నటిదాకా బాగా నడిచి ఇవాళ చెడిపోయిన దాన్ని మా సాఫ్ట్‌వేర్ వాళ్లు రిగ్రెషన్ అంటారు. స్క్రోల్ చేస్తే ఎగిరిపడే ఎడిటర్ విండో అయినా, ఇంకేదైనా, పట్టుకునే పద్ధతి ఒకటే: మంచి వెర్షన్‌కీ చెడ్డ వెర్షన్‌కీ సరిగ్గా మధ్యదాన్ని నడిపి చూడటం, తప్పున్న సగాన్ని మళ్లీ సగం చెయ్యడం. వెయ్యి మార్పుల్లో దోషిని పది పరీక్షల్లో పట్టేయొచ్చు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్‌లో దీనికోసం బైసెక్ట్ అనే ఆదేశమే ఉంది.

కానీ ఆపిల్ కోడ్ బయటివాళ్ల చేతిలో ఉండదు. 11.2.5 వెర్షన్ పడిపోతోంది, 11.3 బీటా పడిపోవట్లేదు. బయటికి కనపడింది అంతే. వెర్షన్లని సగం చేసే వీల్లేనప్పుడు మాటనే ముక్కలు చేసి చూడాలి. అప్పుడు మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ ఆ పనే చేశాడు. ఒక్క అక్షరంగా కనపడింది నిజానికి ఐదు యూనికోడ్ సంకేతాలు: జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం. నాలుగోది కంటికి కనపడదు. దాన్ని తీసేస్తే మిగిలేది మనం రోజూ రాసే ‘జ్ఞా’, ఫోన్‌కి ఏమీ కాదు. అదే వరసలో పెడితే వేరే తెలుగు హల్లులతోనూ, దేవనాగరి, బెంగాలీల్లో కొన్ని సంయుక్తాక్షరాలతోనూ ఫోన్ పడిపోతుందని తేలింది.

ఆ కనపడని సంకేతం మనకు పరాయిది కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ‘వ’ వత్తుగా మారి కిందికి దిగకుండా ఆపేది అదే. గుణింతపు గుర్తుకి ముందు మాత్రం దానికి పనిలేదు. అలాంటి చోట అది వస్తుందని ఆ కోడ్ ఊహించలేదు.

మా హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర రుద్రదేవుడి 1163 నాటి శాసనం ఉంది. భాష సంస్కృతం, లిపి తెలుగు-కన్నడం. శిల్పి హల్లు కింద హల్లు చెక్కుకుంటూ పోయాడు. యంత్రానికి ఆ వీల్లేదు. వరసగా వచ్చే సంకేతాల్ని చూసి, ఏది కిందికి దిగాలో, ఏది పక్కన నిలవాలో లెక్కగట్టాలి. ఆ లెక్క తప్పితే మెమరీ పాడవుతుంది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేస్తూ చెప్పింది కూడా అదే: దోషం అక్షరాలు గీసే కోర్‌టెక్స్ట్‌లో ఉంది, ఇన్‌పుట్ తనిఖీని మెరుగుపరిచాం అని. అయితే ఆ నోట్‌లోనే, ఫోన్‌ని పడగొట్టేది దురుద్దేశంతో తయారైన అక్షరాల వరస అన్న మాట కూడా ఉంది.

తాళపత్రాలు పోల్చే పరిష్కర్త, దోషం కనపడగానే కవిని తప్పుపట్టడు. ఏ లేఖకుడి దగ్గర పాఠం మారిందో వెతుకుతాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించడానికి బ్రౌన్ ఎన్నో ప్రతులు పోల్చి చూసింది ఇందుకే. 2018లో వార్తలు రాసినవాళ్లలో చాలామంది ఆ ఓపిక చూపలేదు. కంటికి కనపడిన అక్షరాన్నే దోషిగా నిలబెట్టారు.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు 8.11 కోట్ల మంది మాతృభాష. ఇంతమంది రాసే లిపి కంపెనీల పరీక్షల జాబితాలో ఎక్కడుందో మనం గట్టిగా అడగాలి. ఆ జాబితాలు రాసే ఉద్యోగాల్లో తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. తెలుగు మాటలు నాలుగు, మధ్యలో కనపడని సంకేతం ఒకటి పెట్టి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.