తోటయూరు ఖుల్దాబాదు

నాందేడు నుండి ఎల్లోరా గుహలను చూడబోవు మన తెలుగు కుటుంబములు ఖుల్దాబాదు దాపుననే పోవుచుండును. అచ్చట దిగి చూచువారు మాత్రము అరుదు. కొండమీద పాత ప్రాకారముతో నున్న చిన్న పురపాలక పట్టణమది. దాని పూర్వనామము రౌజా. అరబ్బీలో ఆ మాటకు తోట యని యర్థము. మహనీయుల సమాధి స్థలమునకును ఆ పేరే చెల్లినది. ఈ యూరికి రెండర్థములును సరిపోవును.

ఊరిలో బానీ బేగము తోట కలదు. ఆమె ఔరంగజేబు కుమారులలో నొకరి భార్య యని చెప్పుదురు. చుట్టును గోడ, మూలలయందు మండపములు, లోపల ఆమె సమాధి. తోటను నాలుగు భాగములుగ విభజించు పారశీకుల చార్‌బాగ్ పద్ధతి యిది. నీటికి కటకటపడు మరాఠ్వాడాలో తోట యనగా ముందు నీరు, తరువాతనే పూలు. కావున ఇచ్చట తోట నాటుట రాజులకే చెల్లిన వేడుక.

మొగలాయీ వైభవమును గూర్చి వ్రాసినవారు పెక్కురు కలరు. మేము చెప్పదలచినది వేఱు. రామదాసు కథ వినని తెలుగు బిడ్డ యుండడు. ఆ కథలోని తానీషా, అనగా గోలకొండ కడపటి ప్రభువగు అబుల్ హసన్ కుతుబ్‌షా, సమాధియైనది ఈ యూరనే. ఆయన మంత్రులైన అక్కన్న మాదన్నలు 1686లో హతులైరి. మరుసటి యేడు ఎనిమిది నెలల ముట్టడి పిదప, లోనివారి ద్రోహముచేత, గోలకొండ ద్వారము శత్రువులకు తెఱవబడెను. తానీషాను దౌలతాబాదు కోటకు గొనిపోయి చీనీ మహలునందు బంధించిరి. రామదాసు పండ్రెండేండ్లు చెఱలో నుండెనని మన పెద్దల మాట. ఆయనను చెఱనుంచిన ప్రభువును సుమారు అంతకాలమే బందీయై, మరల గోలకొండను చూడకయే కన్నుమూసెను.

ఆయనను గెలిచిన ఔరంగజేబు 1707లో అహమ్మదునగరమున మరణింపగా, దేహమును ఈ యూరికే తెచ్చిరి. ఆయన సమాధిపై కప్పు లేదు. పైన మట్టి, అందొక మొక్క. 1748లో బుర్హాన్‌పూరున మరణించిన మొదటి నిజాము ఆసఫ్‌జాకును ఇచ్చటనే చోటు దొరకినది. గోలకొండ నేల పిదప ఆయన వంశమువారి యేలుబడిలోనికి వచ్చెను. మన నాందేడును 1956 వరకు ఆ హైదరాబాదు రాజ్యములోనిదే గదా!

ఔరంగజేబు సమాధికి త్రోవ అందఱును చూపుదురు. తానీషా సమాధికై మాత్రము రాజూ కత్తాల్ దర్గా యెక్కడ యని అడుగవలెను. మన పిల్లలకు ఆ చోటు చూపుటకు ఒక గంట చాలును. అచ్చటినుండి ఎల్లోరా నాలుగైదు కిలోమీటర్లే.